నాన్న చప్పట్లు

జ్విద్జై అన్నయ్యా,

నీ కూతురి పెళ్ళి మాటల రోజున నాన్నని వెనకగదిలో కూర్చోబెడతానని రాశావు. చదివి ఒళ్ళు మండింది. మన ఆచారం ప్రకారం వచ్చిన పెద్దలకు ఇంటిపెద్ద ఒకే లయలో మెల్లగా చప్పట్లు కొట్టి స్వాగతం చెప్పాలి, నిజమే. పోయిన ఏడాది నాన్న లయ తప్పితే, వెక్కిరింపనుకుని ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. తప్పు నాన్న చేతుల్ని వణికించే పార్కిన్సన్స్ జబ్బుదా, మన మర్యాదదా? ఆనాటి నుంచి నాన్న ఎవరి ఎదుటా దుప్పటిలోంచి చేతులు తీయలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆస్పత్రి నర్సు రుతెండోతో ముజాంజే చెట్టు కింద కళ్ళు మూసుకుని, ఊపిరిని గమనిస్తూ కూర్చుంటున్నాడు. నేనూ పక్కన కూర్చుంటాను. కాసేపటికి ఏ ఊపిరి ఎవరిదో తెలియదు. ఎదుటి కొండలు కూడా మాతోపాటే గాలి పీల్చి వదులుతున్నట్టుంటుంది.

"వణుకు పోదు తాతా, భయం తగ్గుతుంది," అంది రుతెండో.

"ఉండనీలేవే, ముసలాడికి అదో తోడు," అన్నాడు నాన్న.

నిన్న తనంతట తనే దుప్పటి తీసి చప్పట్లు కొట్టాడు. లయ ఎక్కడా లేదు. నా మొహం చూసి, "కళ్ళు మూసుకుని వినవే పిచ్చిదానా," అన్నాడు. విన్నాను. అచ్చం రేకుల మీద తొలి చినుకులు, ఇక్కడొకటి, అక్కడ రెండు.

నాన్నని ముందు కూర్చోబెట్టు. జబ్బు పేరు నేనే అందరికీ చెప్పి, కళ్ళు మూసుకోమంటాను. నువ్వూ మూసుకో. వానలింకా మొదలవని ఇంత ఎండిన అక్టోబరులో వాన చప్పుడుకి లేచి వెళ్ళిపోయేవాడు మన ఊళ్ళో ఎవడుంటాడో చూద్దాం.

నీ చెల్లెలు