సూది ఆగిన చోట్లు

మార్చి 3, మంగళవారం

అత్తయ్య ఎంబ్రాయిడరీ మిషన్‌ని నడిపే పాత కంప్యూటర్ చచ్చిపోయింది. కొత్తదానిలో మిషన్‌కి ఆదేశాలిచ్చే డ్రైవర్ ప్రోగ్రాం పనిచేయలేదు. ఆఫీసులో నేను రాసేవి డ్రైవర్లే కదా, దీన్నీ సరిచేసి ఎక్కించాను. పనిలో పనిగా పనికిమాలినవనిపించిన కోడ్ లైన్లన్నీ పీకేశాను. గొప్పలు కూడా పోయాను.

ఇప్పుడు పువ్వు కుడితే ప్రతి రేకూ వంకరే. ఆదివారంలోగా బాగుపడకపోతే మిషన్‌ని పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామన్నారు ఈయన. ఫోన్ కూడా చేసేశారు. అత్తయ్య మిషన్‌ని తుడుస్తూ కూర్చుంది.

మార్చి 4, ఉదయం 10

సెలవు పెట్టాను. నా లాప్‌టాప్ నుంచి కంప్యూటర్ గుండెకాయలాంటి కెర్నెల్‌లో ఒక లైను దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టాను. ఆ లైను దగ్గరికి రాగానే కొత్త కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోతుంది. మిషనూ ఆగుతుంది, సూది గుడ్డలో దిగబడి. ఆగిన ప్రతిచోటా చిల్లు, నూనె మరక. అత్తయ్య పాత దిండు గలీబు ఒకటి తెచ్చి, దాన్ని ఎంత కావాలంటే అంత పొడుచుకోమంది.

సాయంత్రం 5

బ్రేక్‌పాయింట్ ఉంటే పువ్వు ముద్దొస్తోంది. తీసేస్తే మళ్లీ వంకర. నేను చూస్తున్నంతసేపూ ఎంత బుద్ధిగా ఉంటుందో.

మార్చి 5

ఏమీ తేలలేదు. గలీబు జల్లెడైంది.

మార్చి 6, మధ్యాహ్నం 3

సిగ్గు విడిచి, సూది గుడ్డలో ఉండగానే అత్తయ్యను పిలిచాను. మిషన్ మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. ఒకసారి ఆపుతూ, ఒకసారి ఆపకుండా నడపమంది. మూల తిరిగేచోట గుడ్డ బిగించిన ఫ్రేమ్ ఇంకా రాకముందే సూది దిగిపోతోందని చెప్పింది. నేను ఆపినప్పుడు దానికి ఊపిరి తీసుకునే వీలుంటోందట, లేకపోతే తరిమేస్తున్నానట.

గబగబా పాత కోడ్ తీశాను. మిషన్ సిద్ధమయ్యేదాకా ఆగమనే రెండు లైన్లు. పీకేసింది నేనే.

ఒప్పుకున్నాను. వంటింట్లో డబ్బా మూతలు కూడా ఇలాగే పారేస్తావని పడీపడీ నవ్వింది. అత్తయ్యంటే నాకెంత ఇష్టమో ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ చెప్పేశాను. ముందు మిషన్ సంగతి చూడమంది.

మార్చి 8, ఆదివారం

పాత సామాన్లవాడు వచ్చాడు. అత్తయ్య చచ్చిన కంప్యూటర్ ఇచ్చి పంపింది. లోపల మిషన్ పువ్వులు కుడుతూనే ఉంది. ఈయన ఏమీ ఎరగనట్టు పేపర్లో తల దూర్చారు.

మార్చి 11

ఆ గలీబు ఇవాళ నా దిండుకుంది. ప్రతి చిల్లు మీదా చిన్న పసుపు పువ్వు, చేత్తో కుట్టింది. ఒక్క చిల్లు మాత్రం వదిలేసింది. సూది అక్కడ ఉండగా తనని పిలిచానట.