పిచ్చుక పిల్ల కాలికి చుట్టుకున్న దారం

హారతి నాయినా,

మన పాప హారతికి కరోనా అంటుతుందేమోనన్నదే నాకున్న పెద్ద భయం. అయినా తప్పక, పాపకు తట్టు టీకా వేయించడానికి మన డిండోలి దవాఖానకు పోతున్నాను. అన్నం, పప్పు పొయ్యి మీదున్నాయి.

పిచ్చుకల గూటికి మెత్తగా ఉంటుందని పెరట్లో నేను వేసిన, బట్ట నేసే సాంచెల వేస్టు దారం మొన్న పిచ్చుక పిల్ల కాలికి చుట్టుకుంది. పక్కింటి లింగవ్వత్త కత్తెర పట్టుకొని గోడ దాకా వచ్చి, "నలభై ఏండ్లు తెగిన పోగులు అతికిన చెయ్యి పిల్లా, జర తలుపు తియ్యి" అన్నది. ఆమె దగ్గిందని, "మా ఇంట్ల పసిపిల్ల ఉన్నది, రాకు!" అని గల్లీ అంతా వినేటట్లు అరిచాను. ఆ పిచ్చుక పిల్లలకు ఈకలు రావడం రోజూ ఆమె, నేను కలిసి చూసినవాళ్లమే. ఆమె వెనక్కి పోయింది. దారం నేనే కోశాను, పిల్ల ఎగిరిపోయింది.

నిన్నటి నుంచి ఆమె తలుపు తెరుచుకోలేదు. పిలవడానికి నాకు ముఖం చెల్లడం లేదు. అన్నం తినకముందే పోయి ఆమె ఎట్లున్నదో చూడు.