బోరింగుకు పూసిన ఎర్ర రంగు

పోయిన మా బావ సుబ్బరాయుడికి,

చేదబావి పూడ్చొద్దన్నందుకు "బోరింగు నీళ్ల రుచి నీకేం తెలుసురా, మొద్దోడా!" అని నన్ను పదిమందిలో నవ్వులపాలు చేశావు. ఆ నీళ్లే తాగి నడుం వంగితే వాతమన్నావు. వంగే పోయావు.

నిన్న నీళ్లు పరీక్ష చేసేవాళ్లు వచ్చి, ఇందులో ఫ్లోరైడు ఉంది, తాగొద్దని గుర్తుగా బోరింగుకు ఎర్ర రంగు పూసిపోయారు. నీ తెలివి నీ కోడలికీ అంటింది. ఆ రంగు మీద పసుపూ కుంకుమా పెట్టి, "పండక్కి వేసినారు పెదనాయనా, ఎంత కళగా ఉండాదో!" అంటూ బిందె నింపుకుంది.

నీ మనవరాలి పళ్లు అప్పుడే గారపట్టాయి, కాళ్లు వంకరపోతున్నాయి. చేదబావి నీళ్లయితే మేలని ఆ పరీక్ష చేసినవాళ్లే అన్నారు. ఆ బావి పూడ్చి నువ్వు దర్జాగా కట్టించుకున్న అరుగును శుక్రవారం పగలగొట్టి, బావి మళ్లీ తవ్విస్తున్నాను. అడ్డం చెప్పే మొగతనముంటే గురువారం పొద్దుగూకేలోపు చెప్పు.