నర్సవ్వ నిద్రపోయిన రాత్రి

సిరిసిల్ల

అమ్మకు ప్రణీత నమస్కారాలు.

కోరుట్లలో నాన్న, ఇక్కడ నేను బాగానే ఉన్నాం. పూణేలో నువ్వూ అక్కా పసిదీ కూడా బాగున్నారని తలుస్తాను. అక్క నడుం నొప్పి తగ్గిందా? నాన్న వంట నేర్చుకున్నాడు, పప్పు ఒక్కటే. ఫోన్లో అయితే సగంలోనే సర్దిచెప్పడం మొదలుపెడతావు. అందుకే ఈ ఉత్తరం.

పీహెచ్‌డీ ఎప్పుడవుతుంది, సుధాకర్ రావు సారు చెప్పినట్టు వింటున్నావా అని అడిగావు. "మనవాళ్ళు, పెద్దమనిషి, సైకాలజీలో పేరున్నాయన" అని కూడా రాశావు. పేరు నిజమే. దుఃఖం మీద పుస్తకం రాసిన మనిషి. ఆఫీసు అటెండరు వచ్చి తన తండ్రి పోయిండని చెబితే, "ప్రింటర్ల పేపర్ పెట్టి పో" అన్నాడు.

గల్ఫ్‌లో భర్తలు చనిపోయిన ఆడవాళ్ళు ఆ బాధతో ఎలా బతుకుతున్నారన్నది నా పరిశోధన. ఎల్లారెడ్డిపేట దగ్గర నర్సవ్వ అనే ఆమె, పేరూ ముఖమూ బయటికి రావని నేను మాట ఇచ్చాకే కెమెరా ముందు కూర్చుంది.

"సెలవు మీద అచ్చినప్పుడల్లా కొడుతుండె బిడ్డా. ఇగ రాడని ఫోనచ్చిన రాత్రి కంటినిండ నిద్రపోయిన. మా అత్తకు తెలిస్తె బతుకనియ్యది" అంది.

నియమం ప్రకారం ఆ రికార్డింగ్ నా గైడ్ సుధాకర్ రావు సారుకు ఇవ్వాలి. ఇచ్చాను.

మూడు నెలల కింద జగిత్యాలలో పరిశోధక విద్యార్థులకు శిక్షణ పెట్టారు. "ఇంటర్వ్యూ ఎట్ల జెయ్యాల్నో సూడున్రి" అంటూ సారు తెర మీద నర్సవ్వను చూపించాడు. ముఖం మసక కూడా చేయలేదు. ఆ నిద్ర మాట దగ్గర ఆపి, "జూసిన్రా? మొగడు సత్తె హాయిగ పండుకున్నదట!" అన్నాడు. హాలంతా నవ్వింది. రేపు మనుషుల మనసులు బాగుచేస్తామని బోర్డులు కట్టుకునేవాళ్ళు, అమ్మా, పకోడీలు తింటూ నవ్వారు.

నేను లేచి ప్రొజెక్టర్ వైరు పీకేశాను.

"ఏంది ప్రణీతా? గిది సైన్స్, సెంటిమెంట్ కాదు."

"పేరు, ముఖం బయటికి రావని మాటిచ్చిన సార్."

"ఇచ్చింది నువ్వు. నేను గాదు గదా!"

ఇదీ నువ్వు చెప్పిన పెద్దమనిషి.

ఇన్నాళ్ళూ నీకు చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను. ఆయన మీద నేను ఫిర్యాదు చేశాను. యూనివర్సిటీ కమిటీ ఆయనను జాగ్రత్తగా ఉండమంది, నన్ను వేరే గైడ్‌ను వెతుక్కోమంది. ఆయనతో తగువెందుకని ఒక్కరూ నన్ను తీసుకోలేదు. అంతా ఆయన మనుషులే. పరిశోధన ఆగిపోయింది. నాన్నకు కూడా తెలియదు.

ఆ రోజు ఆ హాల్లో నర్సవ్వ పక్క ఊరి అమ్మాయి ఉంది. మాట ఊరు చేరకముందే చెప్పాలని మర్నాడే నర్సవ్వ దగ్గరికి వెళ్ళాను. వాకిట్లో నిలబడి అంతా చెప్పాను.

"నవ్విన్రా?" అంది.

"నవ్విన్రు అక్కా."

కొంగు బిగించి లోపలికి పోయి అత్త బుచ్చవ్వను పిలుచుకొచ్చింది. "ఎవలో చెప్పుడెందుకు అత్తా, నేనే చెప్త" అంటూ నా ముందే, ఏమీ దాచకుండా చెప్పేసింది. చనిపోయింది ఆ ముసలామె కన్నకొడుకు.

బుచ్చవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకెర్క లేదా బిడ్డా? గా దెబ్బలు గోడవతల నుంచి ఇన్న. ఆపలేకపోయిన" అంది. తర్వాత, "గా రాత్రి మంది పరామర్శకు అస్తుంటె, నువ్వు పండుకున్నది జూసి తలుపు దగ్గరికేసింది నేనే" అంది.

నర్సవ్వ అక్కడే కూలబడి ఏడ్చింది. ముసలామె పక్కన కూర్చుంది. నన్ను ఎవరూ ఉండమనలేదు, పొమ్మనలేదు. నేనే వచ్చేశాను.

పీహెచ్‌డీ ఎప్పుడవుతుందో తెలియదమ్మా. సుధాకర్ రావు గారింట్లో వచ్చే నెల పెళ్ళట, మనకు పిలుపు వస్తుంది. మీకు వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి. నేనెందుకు రాలేదని ఆయన అడిగితే, నిద్రపోతున్నదని చెప్పు.

ఇట్లు,
నీ చిన్న బిడ్డ
ప్రణీత