బజ్జీకి ఎన్ని క్యాలరీలు?

జులై 6, ఆదివారం
గుత్తిలో ఉగ్గాని-బజ్జీ అంగడి నాది. ఉగ్గాని అంటే బొరుగుల ఉప్మా. వయసు నలభై మూడు. ఆదివారాలు అనంతపురం పోయి యూనివర్సిటీలో పోషకాహారం చదువుతున్నాను!
ప్రసూన మేడం ప్రాజెక్టు ఇచ్చారు: మూడు వారాల్లో పదిమంది తిండి అలవాటు మార్చాలి. పోయినేడాది ఇందులోనే తప్పాను. మా ఆవిడ జ్యోతిలక్ష్మి ముందే చెప్పింది. "ఈ తూరి గూడా తప్పితే నీ పుస్తకాలు చింపి బజ్జీలు కట్టిస్తా, చూసుకో."
పదిమందేం ఖర్మ, గుత్తి మొత్తాన్నీ మారుస్తా! నేనైతే బజ్జీ ముట్టనే ముట్టను.

జులై 7, సోమవారం
ఉ. 6:00. అంగడి ముందు బోర్డు. ఇరవై రూపాయలకు:
బజ్జీలు – 400 క్యాలరీలు
ఉగ్గాని – 300
మొలకల పెసలు (కొత్తవి!) – 100
7:15. జనం ఆగి మరీ చదువుతున్నారు!

జులై 8
శెనక్కాయ రైతు తిప్పయ్య అడిగాడు. "క్యాలరీ అంటే ఏందప్పా?"
"శక్తి అన్నా" అన్నాను, గర్వంగా.
బోర్డు రెండుసార్లు చదివాడు. "అవే దుడ్లకు పెసల్లో నూరు, బజ్జీల్లో నాలుగు నూర్లా! ఏమప్పా, మమ్మల్ని మోసం చేస్తాండావా? బజ్జీలే ఎయ్యి."
వెనక ఉన్నవాళ్లంతా బజ్జీలే అన్నారు.

జులై 12
రోజూ రెండు వందల బజ్జీలు పోయేవి. ఈరోజు మూడు వందల యాభై. పెసలు మూడు గిన్నెలు: రెండు నేను, ఒకటి పక్కింటి మేక.
జ్యోతిలక్ష్మి రెండో బాణలి తెచ్చింది. "నీ చదువేమో గాని, ఆ బోర్డు మాత్రం తీయొద్దు."

జులై 16
వాన! ఏడాదికి నాలుగుసార్లు పడేదానికి బజ్జీ తినకపోతే వానదేవుడు నొచ్చుకోడూ? ఆరు తిన్నాను. ఆయన కోసమే.

జులై 19
వాన లేదు. ఏడు.

జులై 25
క్లాసులో నా పక్కన కూర్చునే ఆంజి ఫోన్ చేశాడు. "మేమంతా పదికి పదిమందీ మారినారని రాసేసినామన్నా. నువ్వూ రాసేయ్, ఎవురు చూస్తారు?"
కూర్చున్నాను. తిప్పయ్య పేరు ఎదుట 'బజ్జీలు మానేశారు' అని రాయబోతే, ఎదురుగా ఆయన ఐదోది కొరుకుతున్నాడు. చెయ్యి రాలేదు.
ఉన్నదే రాశాను: మారినవారు పదిమంది. అందరూ ఎక్కువ తింటున్నారు. నా చదువు ముగిసినట్టే. ఏడుపొచ్చింది.

జులై 27, ఆదివారం
మేడం నా రిపోర్టు చదివారు. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. "ముప్పై రిపోర్టుల్లో నేను నమ్మింది ఇదొక్కటే ఓబిలేష్. ఇంకో నెల గడువిస్తా. ఈసారి పదిమంది వద్దు, ఒక్కరు చాలు."
"ఎవురు మేడం?"
ఆమె నా పొట్టకేసి చూశారు.

జులై 28, సోమవారం
ఉ. 6:00. మళ్లీ మొదలు! బజ్జీలు: సున్నా!
6:25. ఉప్పు చూడాలి కదా. సగం.
6:26. మిగతా సగం పారేస్తే పాపం. మొత్తం ఒకటి. దాచకుండా రాశాను మేడం. రేపు సున్నా.