అమ్మ చేతి నీసు వాసన

ఆదివారం రాత్రి, హకోదాతే

పొద్దున అమ్మా నేనూ రేవు వెంట నడిచాం. పొగమంచులో ఎర్ర ఇటుక గోదాములు నీళ్ల మీద తేలుతున్నట్టున్నాయి. అమ్మ వాటిని చూస్తేగా! ముప్పై ఏళ్లు బందరులో చేపలమ్మిన మనిషి. ఒడ్డున చేపల కొట్టు కనపడగానే ఆగి, అడక్కుండానే ఓ చేప మొప్ప ఎత్తి చూసింది. నేను క్షమాపణ చెప్పబోయాను. కొట్టు ముసలామె కోప్పడలేదు. ఇంకో చేప మొప్ప ఎత్తి, దాని ఎరుపు చూపించి నవ్వింది. అమ్మా నవ్వింది. అది జపానో, బందరు రేవో కాసేపు నాకు తెలియలేదు.

తిరిగొస్తుంటే అమ్మ వెనకబడింది.

"చేతులు నీసు వాసనొస్తన్నాయమ్మా. నువ్వు ముందు నడు," అంది.

ఆ వాసనకే చిన్నప్పుడు తనని బడికి రావద్దన్నాను. మర్చిపోయిందనుకున్నాను...

ఆ చెయ్యి పట్టుకునే హోటల్ దాకా నడిచాను. నా చెయ్యి ఇంకా కడుక్కోలేదు.