దొరల గడ్డిలో పల్లేరు

చిరంజీవి తమ్ముడు జోసేపుకు,

డోను నుంచి నీ అన్న దాన్యాలు ప్రేమతో దీవించి రాసేది. దేవుని కాపుదలలో నేను బాగున్నాను. నువ్వు, మరియమ్మ, పిల్లలు, మీ వదిన అందరూ సుఖంగా ఉన్నారని తలుస్తాను. మరియమ్మకు చలిజ్వరం తగ్గిందా? చిన్నాయన నడుము ఎట్లుంది? ఉలవలు ఏమైనా చేతికి వచ్చినాయా? ఒక కార్డు ముక్క రాయి.

నా గురించి దిగులు పడవద్దు. దగ్గు పోయింది. సంకటి నేనే కెలుక్కుంటున్నాను. ఉండలు కట్టినా తినేది నేనే కాబట్టి అడిగేవాళ్లు లేరు. ఇక్కడ చలి మన ఊరి కంటే ఎక్కువ. రాళ్ల నేల గదా, పొద్దు పోగానే చల్లబడుతుంది. రైలు కూతలకు చెవులు అలవాటు పడినాయి. ఇప్పుడు కూత వినపడకపోతేనే మెలకువ వస్తుంది.

నా పని ఏమిటని పోయినసారి అడిగినావు. నవ్వుతావని రాయలేదు. ఇక్కడ రైలు దొరలు సాయంత్రం పూట అడ్డంగా వల కట్టి బంతి కొట్టుకుంటారు. ఆ ఆటకు కింద మెత్తని గడ్డి ఉండాలి. దాన్ని పెంచడం నా పని. ఆ గడ్డి వేరేది కాదు, గరిక. మన నల్లరేగడి చేనును మింగిన గరికే. నాయన బతికినన్నాళ్లూ దాని వేర్లు తవ్వి ఎండకు వేసినాడు. ఊరి ఎద్దులన్నీ తెచ్చి పెద్దమడకకు కట్టి దున్నించినాడు. అయినా అది చావలేదు. ఇక్కడ దాన్ని బతికించడానికి నా ప్రాణం పోతున్నది. తుంగ మొలుస్తుంది, కింద గడ్డతో సహా తీయకుంటే తెల్లారేసరికి మళ్లీ లేస్తుంది. చెదలు పడతాయి. చీమలు మన్ను ఎత్తిపోస్తాయి. ఎండాకాలం నీళ్లన్నీ ఇంజన్లు తాగగా మిగిలిందే గడ్డికి.

బావి పక్కన ఒక గది ఖాళీగా ఉండింది. మా ఇంటి గోడ కూలినప్పటి నుంచి మీ వదిన నీ పంచన ఉంటున్నది. నువ్వు బాగా చూసుకుంటావు, అందులో నాకు సందేహం లేదు. అయినా ఈ వయసులో ఆమె ఒక చోట, నేను ఒక చోట ఏమిటని ఆ గది అడిగించినాను. నాకు దొర ముందు నోరు పెగలదు గదా. నీళ్ల ఇంజను నడిపే మస్తాన్ నా బదులు అడిగినాడు. క్రిస్మసుకు ముందు గుత్తి, గుంతకల్లు దొరలంతా వచ్చి పెద్ద ఆట ఆడతారట. అప్పటికి గడ్డి బాగుంటే గది నాదని దొర చెప్పినాడు. బాగా లేకపోతే వేరే మనిషిని పెడతానని కూడా చెప్పినాడు.

అందుకని నేను ఒక పని చేసినాను. తొలకరికి ముందు గడ్డి పాలిపోయి ఉంది. ఆళ్లగడ్డ వైపు నుంచి ఓబులేసు అనే గొర్రెలాయన మందతో పోతూ కనబడినాడు. ఆకలి మీదున్న నేలకు మందను మించిన అన్నం లేదని నీకు తెలుసు. దొర గుంతకల్లుకు పోయి ఉన్నాడు. మందను ఒక రాత్రి ఇక్కడ కట్టమన్నాను.

ఓబులేసు వెనకాడినాడు. "ఏమప్పా, ఇది దొర జాగా గదా. తంతాడేమో."

"నేలకు ఆకలి ఉండాదిరా. దొరకు నేను చెప్తాలే," అన్నాను. చెప్పేవాణ్ని నేనేనా అని అప్పుడు తోచలేదు.

దొర మరుసటి పొద్దున మొదటి బండికే దిగినాడు. బ్యాటు పట్టుకొని నేరుగా గడ్డి కాడికే వచ్చినాడు. గొర్రెలన్నీ తలలెత్తి ఆయన వైపు చూసినాయి. ఆయన తన భాషలో ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు.

"ఏమన్నాడప్పా?" అని మస్తాన్‌ను అడిగినాను.

"వీటిల్లో ఏది బాగా ఆడుతుందని అడుగుతాండాడు, పెద్దనాయనా."

దొర నవ్వినాడో, కోపం మింగినాడో తెలియదు. వాన పడినాక గడ్డి నల్లగా, ఒత్తుగా లేచింది. నేను లోపల్లోపల పొంగిపోయినాను. కొన్నాళ్లకు గడ్డి మధ్యలో పసుపుపచ్చని చిన్న పూలు కనబడినాయి. వంగి చూస్తే పల్లేరు. గొర్రెల బొచ్చులో, గిట్టల్లో కాయలు వచ్చి రాలినట్లున్నాయి. నేల కరుచుకొని పాకింది. నేను చూసేటప్పటికే కొన్ని కాయలు ముదిరినాయి.

దొరకు ఒక కూతురు ఉంది, మీ చిన్నదాని ఈడు పిల్ల. చెప్పులు విప్పి బంతి వెంబడి పరుగెత్తి, కెవ్వుమని కూలబడింది. దొరే వచ్చి అరికాలిలో ముల్లు తీసినాడు. ఆ ముల్లును అరచేతిలో పెట్టి నాకు చూపించినాడు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

మరుసటి రోజు నుంచి మోకాళ్ల మీద పాకుతూ తీగలు పెరికినాను. తీగ వస్తుంది గానీ రాలిన కాయ గడ్డిలో దాక్కుంటుంది. ఒకసారి నా కంబళి మీద కూర్చొని లేస్తే దానికి కాయలు అంటుకొని వచ్చినాయి. అప్పటి నుంచి కంబళిని గడ్డి మీద ఈ కొన నుంచి ఆ కొనకు ఈడ్చడం మొదలుపెట్టినాను.

మస్తాన్ చూసి, "వల బాగా ఏస్తాండావు. చేపలు పడినాయా పెద్దనాయనా?" అన్నాడు.

ఇన్ని ఏరినా, ఇక లేవని చెప్పడం ఎట్లా? చెప్పులు ఎరగని కాలు నాది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పడుకునే చోటికి పోయినాక చూసుకుంటే అరికాలికి కాయలు అతుక్కొని ఉండేవి. అరచేయి కూడా అంతే. చివరకు ఒక తెల్లవారి మంచులో చొక్కా విప్పి గడ్డి మీద పొర్లినాను. వీపు ఒక్కటే నాకు మిగిలిన మెత్తని చోటు.

మస్తాన్ నీళ్ల కాడి నుంచి పరుగున వచ్చినాడు. "ఇదేంది పెద్దనాయనా! మీ ఏసు స్వామికి గూడా పొర్లుదండాలు పెడ్తారా?"

"ముండ్లు చూస్తాండా. కాలికి తెలీడంల్యా."

మస్తాన్ తన వీపు తట్టుకున్నాడు. "అయితే నా ఈపు ఇంకా మెత్తన. మా యమ్మ తప్ప దాన్ని ఎవరూ ముట్టలా," అని తనూ చొక్కా విప్పినాడు. ఆ పక్క సగం అతను, ఈ పక్క సగం నేను. అతనికి ఒకటి గుచ్చుకుంటే, "అబ్బా, దొరికిందిలే దొంగది!" అని అరిచినాడు. ఒక్క ముల్లూ గుచ్చుకోకుండా పొర్లేదాకా రోజూ అట్లే చేసినాము. ఇంత మంచి మనిషి దొరకడం దేవుని దయ.

పెద్ద ఆట రోజు వచ్చింది. గడ్డి పక్కన కుర్చీలు వేసుకొని దొరలు, దొరసానులు కూర్చున్నారు. దొర కూతురు వచ్చి అంచున ఆగింది. గడ్డి వంక చూస్తుంది, నా వంక చూస్తుంది, అడుగు మాత్రం వేయదు. వాళ్ల నాయన కూడా నా వంకే చూసినాడు. ఏమీ లేవమ్మా అని చెప్పడానికి నాకు వాళ్ల మాట రాదు. మస్తాన్ నీళ్ల ఇంజను కాడ ఉన్నాడు. తలగుడ్డ తీసి పక్కన పెట్టినాను. చొక్కా విప్పినాను. అంతమంది చూస్తుండగా ఆ గడ్డిలో ఒకసారి అటు, ఒకసారి ఇటు పొర్లి లేచినాను. కుర్చీల్లో అందరూ నవ్వినారు. నా చెవులు కాలిపోయినాయి. కానీ ఆ పిల్ల కూడా నవ్వింది. నవ్వుతూనే చెప్పులు విసిరేసి, గడ్డికి అడ్డంగా ఆ కొన దాకా పరుగెత్తింది. మళ్లీ వెనక్కు పరుగెత్తింది. ఏడవలేదు.

మరుసటి దినం దొర మస్తాన్ చేత బావి పక్కన గది తాళంచెవి పంపించినాడు.

గది చిన్నదే. పెంకుల కప్పు. పొయ్యి వేసుకోను మూల ఉంది. బొగ్గు మసి మాత్రం ఎంత తుడిచినా పడుతుంది. నీళ్లకు దూరం పోనక్కర లేదు, అది మీ వదినకు తప్పకుండా చెప్పు. కోళ్లను తెచ్చుకోవచ్చు. అవి గడ్డిలో పురుగులు ఏరుకుంటే నాకు మంచిదే, దొర ఏమంటాడో చూద్దాం. ఆదివారం ఆరాధనకు ఇక్కడ చిన్న గుడి ఉంది, తెలుగులోనే పాడతారు.

ఒక మాట, తమ్ముడూ. పొద్దున నీళ్లు పెట్టేటప్పుడు ఈ గరికను చూస్తుంటే నాయన గుర్తుకు వస్తాడు. దాని మీద ఆయనకు ఎంత పగ! నాకూ ఉండేది. ఇప్పుడు లేదు. అది చేసిన తప్పేముంది, వేరు దొరికిన చోట పట్టుకున్నది. ముసలితనంలో మనుషులం మనమూ అంతే చేస్తున్నాము.

చిన్నాయనకు నా దండాలు చెప్పి, నన్ను దీవించమను. సంఘంలో పెద్దలందరికీ వందనాలు. నా కోసం ఒక మాట ప్రార్థన చేయమను. పిల్లలకు ముద్దులు. నా పాత తువ్వాలు అక్కడే ఉంటే ఎవరికైనా ఇచ్చేయి.

మీ వదిన వచ్చేటట్లయితే నంద్యాల దాకా మోటారులో తోడుపోయి, డోను బండి ఎక్కించు. స్టేషను కాడ నేను ఉంటాను. ఈ ఉత్తరం ఆమెకు చదివేటప్పుడు మాత్రం ఒకటి గమనించు. పెళ్లయిన నాటి నుంచి నేను పోదాం పద అనడం, ఆమె మూట కట్టడం, ఇంతే నడిచింది. ఈసారి నేను రమ్మన్నానని చెప్పవద్దు. వస్తావా అని అడిగినాడని చెప్పు. ఆమె ఏమన్నా సరే, ఆమె అన్న మాటలే రాయి.

నీ అన్న,
దాన్యాలు